సంతకం పెడితే శిక్షణ పూర్తయినట్లేనా? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మాది కాజీపేట. మా అబ్బాయి ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తి చేసి, ఈ మధ్యనే వేరే ఊళ్లోని ఒక రైలు ఇంజిన్ల షెడ్డులో అప్రెంటిస్‌గా చేరాడు. మొదటి రోజు అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి గంటన్నర సేపు భద్రత గురించి చెప్పి, రిజిస్టరులో సంతకాలు తీసుకొని, మర్నాటి నుంచి పనిలోకి పంపారట. "ఏం చెప్పిండ్రు బిడ్డా" అని ఫోనులో అడిగితే, హెల్మెట్ పెట్టుకోమన్నారని తప్ప వాడికి ఇంకేమీ గుర్తు లేదు. శిక్షణ అంటే ఇంతేనా? మేము ఏం అడగవచ్చు?
– ఒక తండ్రి, కాజీపేట

జవాబు: ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినది మీదే. హాల్లో చెప్పే గంటన్నర మాటలు అవసరమే, కానీ శిక్షణ అక్కడితో ముగిసిందనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. నేను ముప్పై ఏళ్లు బండ్ల కింద పని చేసి, ఆఖరి ఎనిమిదేళ్లు కొత్తవారికి పని నేర్పినవాణ్ణి. నేను కళ్లారా చూసిన దెబ్బలలో ఎక్కువ భాగం ఆగి ఉన్న వస్తువుల వల్ల తగిలినవే. కదిలే బండిని చూస్తే ఎవరైనా పక్కకు తప్పుకుంటారు. ఆగి ఉన్న ఇంజిన్‌లో, ఆగి ఉన్న రేక్‌లో (ఒకదానికొకటి తగిలించిన పెట్టెల వరుసలో), చేతికి చల్లగా తగిలే గొట్టంలో దాగి ఉన్న కరెంటు, గాలి, బరువు కంటికి కనిపించవు కాబట్టి, వాటిని కనిపెట్టే పద్ధతిని చేతులకు అలవాటు చేయాలి. అది కుర్చీలో కూర్చుంటే వచ్చే విద్య కాదు.

విద్యుత్ ఇంజిన్‌నే తీసుకోండి. మీ కాజీపేట మీదుగా పోయే లైను తీగల్లో ఉండేది 25,000 వోల్టుల కరెంటు. పవర్ బ్లాక్ తీసుకొని (అంటే ఆ లైనుకు కరెంటు ఆపించి), తీగను ఎర్త్ చేసి (మిగిలిన కరెంటు నేలలోకి పోయేలా కలిపి), పని మొదలుపెట్టవచ్చని రాతపూర్వకంగా అనుమతి చేతికి అందేదాకా, ఆ తీగకు 2 మీటర్ల లోపలికి మనిషి గానీ, అతని చేతిలోని ఇనుప రాడ్డు గానీ వెళ్లకూడదు. ఇక పాంటోగ్రాఫ్ (గాలి ఒత్తిడితో లేచి, పై తీగ నుంచి కరెంటు అందుకునే ఇంజిన్ నెత్తి మీది చట్రం) దించినంత మాత్రాన ఇంజిన్‌లో చేయి పెట్టవచ్చని అనుకోకూడదు. త్రీ ఫేజ్ రకం విద్యుత్ ఇంజిన్లలో దీనికొక చక్కని ఏర్పాటు ఉంది. నీలం రంగు తాళంచెవిని తిప్పి బయటికి తీస్తే పాంటోగ్రాఫ్‌కు గాలి ఆగిపోతుంది. ఆ చెవి తెచ్చి పెడితేనే ఎర్తింగ్ స్విచ్ తిరుగుతుంది. ఆ స్విచ్ తిరిగితేనే హై ఓల్టేజ్ పెట్టెలను తెరిచే పసుపు చెవులు బయటికి వస్తాయి. అప్పటికీ లోపలి కెపాసిటర్లలో నిలవ ఉన్న కరెంటు దిగిపోయిందని సరిచూసుకున్నాకనే పనిముట్టు పట్టుకోవాలి. ఈ వరుసను గోడ మీది పటంలో చూపిస్తే కుర్రవాడు తల ఊపుతాడు. నీలం చెవి అతని చేతిలో పెట్టి, "పోయి పసుపు చెవి తీసుకొని రా, దారిలో ఏమేం చేశావో ఒక్కొక్కటే చెప్పు" అని నేను పంపినప్పుడు, మొదటిసారే తడబడకుండా తెచ్చినవారు చాలా తక్కువ. మూడోసారికి అందరూ తెచ్చేవారు.

గాలి సంగతి ఇంకా మోసపూరితమైనది. గొట్టంలో గాలి పోతే బ్రేకు వదులవుతుందని కొత్తవారు అనుకుంటారు. ఎయిర్ బ్రేకులో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకు విడిచి ఉంటుంది. ఆ ఒత్తిడి తగ్గినప్పుడే, రైలు పెట్టె కింది చిన్న ట్యాంకులో నిలవ ఉన్న గాలి బ్రేకు సిలిండర్‌లోకి వెళ్లి, బ్రేక్ బ్లాకును (చక్రాన్ని ఒరుసుకొని ఆపే దిమ్మను) చక్రానికి బిగిస్తుంది. నేను చేరిన రెండో నెలలో, ఒక డిపోలో, అరిగిన బ్రేక్ బ్లాకు మార్చమని నన్ను పిట్‌లోకి (పట్టాల మధ్య, బండి కింద పని చేసే గోతిలోకి) దింపారు. ముందుగా ఆ పెట్టె బ్రేకును ఐసొలేట్ చేసి (గాలి రాకుండా విడగొట్టి), హ్యాండిల్ లాగి, సిలిండర్‌లో గాలి మిగలకుండా చూసుకోవాలని నాకెవరూ చేసి చూపలేదు. రేక్ ఆ చివర ఎవరో హోస్ పైపు (పెట్టెల మధ్య బ్రేకు గాలిని కలిపే గొట్టం) విప్పారు. బ్లాకుకూ చక్రానికీ మధ్య నా ఎడమ చేతి ఉంగరపు వేలు ఉంది. ఆ వేలికి గోరు ఇప్పటికీ సరిగా రాలేదు. మర్నాడు రిజిస్టరు తీసి చూస్తే, బ్రేకు పనుల భద్రత మీద నాకు శిక్షణ ఇచ్చినట్లు నా సంతకమే ఉంది. అందుకే సంతకాల మాట వస్తే నేను కొంచెం కఠినంగా మాట్లాడతాను.

ఇక బండి కింద మనుషులు ఉన్నారని చెప్పే గుర్తు. పగలు ఎర్ర జెండా, రాత్రి ఎర్ర దీపం, రేక్‌కు రెండు వైపులా ఉండాలి. అమెరికా రైళ్లలో ఇదే పనికి నీలం గుర్తు వాడతారు. దాన్ని పెట్టిన బృందం వారే తీయాలి తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదని అక్కడి నిబంధన. ఏ దేశంలోనైనా ఇందులోని అర్థం ఒక్కటే: కింద ఉన్న మనిషి ప్రాణం ఆ జెండా పెట్టినవాడి చేతిలో ఉంటుంది. "తొందరగా ఉంది, జెండా తర్వాత పెడదాం" అనే మాట మీవాడు విన్న రోజున పిట్‌లోకి దిగకుండా నిలబడగలగాలి. అది పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి చాలా కష్టమైన పని. పెద్దవాళ్ల ముందు "దిగను" అని మర్యాదగా ఎలా చెప్పాలో కూడా శిక్షణలో నేర్పాలి, అలవాటు చేయించాలి.

కాబట్టి మీ అబ్బాయిని ఏం విన్నావని కాకుండా, ఏం చేసి చూపించావని అడగండి. జెండా నీ చేత్తో పెట్టావా? సిలిండర్‌లో గాలి తీశావా? మంటలు లేస్తే ఆర్పడానికి ఏ సిలిండర్ ఎక్కడ ఉందో కళ్లు మూసుకొని చెప్పగలవా? ఈ మూడింటికీ అవునని రాకపోతే, షెడ్డు ఇన్‌చార్జికి ఒక కాగితం రాసి, పని చేసే చోటనే, తనకు అర్థమయ్యే భాషలో మళ్లీ నేర్పమని అడగవచ్చు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 14వ సెక్షన్, ఫ్యాక్టరీలలో శిక్షణ పొందే అప్రెంటిస్‌లకు పనివారితో సమానంగా ఆరోగ్య, భద్రతా నిబంధనలను వర్తింపజేసింది. 16వ సెక్షన్ గాయపడితే పరిహారం ఇవ్వవలసిన బాధ్యతను యజమాని మీద పెట్టింది. బతిమాలే ధోరణిలో రాయనవసరం లేదు.

ప్రశ్న: ఇరవై నాలుగేళ్లుగా డీజిల్ ఇంజిన్ల మరమ్మతు పనిలో ఉన్నాను. చెవిలో రాత్రిళ్లు కీచురాయి కూసినట్లు ఉంటోంది. మనవరాలి మాట వినిపిస్తుంది గానీ అర్థం కావడం లేదు. ఇయర్ ప్లగ్ పెట్టుకున్నా లాభం లేదనిపిస్తోంది.
– ఒక సీనియర్ టెక్నీషియన్, డోర్నకల్

జవాబు: మీరు వెంటనే ఆడియోమెట్రీ, అంటే వినికిడిని కొలిచే పరీక్ష, చేయించుకోవాలి. మోత వల్ల వచ్చే చెవుడు సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని కీచు ధ్వనుల దగ్గర, మొదలవుతుంది. మాటలోని అచ్చులు తెలుస్తాయి, స, శ, చ వంటి సన్నని ధ్వనులు జారిపోతాయి. చిన్నపిల్లల మాట వినబడీ అర్థం కాకపోవడానికి కారణం ఇదే. లోపలి చెవిలో పోయిన కణాలు తిరిగి పుట్టవు కాబట్టి, మిగిలిన వినికిడిని కాపాడుకోవడం మీదే దృష్టి పెట్టండి. మన ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 8 గంటల పనికి 90 డెసిబెల్‌లు హద్దు. 95 అయితే 4 గంటలు, 100 అయితే 2 గంటలు మాత్రమే. 115 దాటిన మోతలో రక్షణ లేకుండా క్షణం కూడా ఉండకూడదు.

ప్లగ్ వల్ల లాభం లేదన్నారు. చాలామంది స్పాంజి ప్లగ్‌ను చెవి ముందు భాగంలో ఆనించి వదిలేస్తారు. దాన్ని వేళ్ల మధ్య నలిపి సన్నని వత్తిలా చేసి, రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి, చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. సరిగా కూర్చుంటే మీ గొంతు మీకే బొంగురుగా వినిపిస్తుంది.

మీరు అడగని మాట ఒకటి. డీజిల్ పొగను క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపి పరీక్షించేటప్పుడు పొగ బయటికి పోయే దారి ఉండాలి. ముక్కుకు కట్టుకునే రుమాలు ఆ పొగను ఆపదు.

ప్రశ్న: నేను కాంట్రాక్టరు దగ్గర పనివాణ్ణి. నూనె మోసే ట్యాంకు వ్యాగన్లు కడగడానికి లోపలికి దింపుతారు. మాకు శిక్షణ అడిగే హక్కు ఉందా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టమే పనివాడి నిర్వచనంలో కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారిని చేర్చింది. 1987 సవరణతో వచ్చిన 111ఎ సెక్షన్ భద్రతా సమాచారాన్నీ, శిక్షణనూ హక్కుగా ఇచ్చింది. ఆ చట్టంలో ఫ్యాక్టరీ అంటే రైల్వే రన్నింగ్ షెడ్డు (తిరుగుతున్న ఇంజిన్లను రోజువారీగా చూసుకునే షెడ్డు) రాలేదు, వర్క్‌షాపు వచ్చింది. మీది ఏ చోటో ముందు తెలుసుకోండి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో, తగిన శిక్షణ ఇవ్వడం యజమాని బాధ్యత అని 6వ సెక్షన్‌లోను, ప్రాణాపాయం కనిపిస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేసే హక్కు 14వ సెక్షన్‌లోను ఉన్నాయి.

చట్టం మాట ఎలా ఉన్నా, రేపు పొద్దున చేయవలసింది చెబుతాను. మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటుంది, 19.5 శాతం కంటే తగ్గిన చోటికి, లేదా మండే ఆవిరి ఉన్న చోటికి ఎవరూ దిగకూడదు. ట్యాంకును ఆవిరితో శుభ్రం చేసి, మీటరుతో పైన, నడుమ, అడుగున గాలి పరీక్షించి, ఆ అంకెలు కాగితం మీద రాసి మీకు చూపించమనండి. పైన ఒక మనిషి కదలకుండా ఉండాలి, మీ నడుముకు కట్టిన తాడు కొస అతని చేతిలో ఉండాలి. లోపలివాడు పడిపోతే పైవాడు తాడు లాగాలి, కేకలు వేయాలి, అంతే తప్ప తాను దిగకూడదు. ఈ ఒక్కటి మీ జట్టు అంతా కలిసి, ఖాళీ ట్యాంకు దగ్గర తాడు కట్టి లాగి చూసుకోండి. మీలో అందరికంటే బరువైన మనిషిని ఎంతమంది కలిస్తే పైకి లాగగలరో పనిలోకి దిగకముందే తెలియాలి.