డిటెయిన్ అయ్యాను, మళ్లీ కాలేజీకి వెళ్లాలా?

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదివాను, మంచి మార్కులే వచ్చాయి. 2022లో బీటెక్‌లో చేరాను. మొదటి సెమిస్టర్‌లో ఎం-1 (మొదటి గణితం పేపరు)తో కలిపి నాలుగు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. రెండో సెమిస్టర్‌లో హాజరు చాలక డిటెయిన్ చేశారు, అంటే పై సెమిస్టర్‌కు పంపకుండా ఆపేశారు. కాలేజీ నుంచి ఫోను వచ్చాకే నాన్నకు అంతా తెలిసింది. అప్పటి నుంచి మా బావ సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తున్నాను. మళ్లీ చదవాలని ఉంది. నాన్నేమో 'నీకు చదువు అబ్బదు' అంటున్నారు. చిన్నవాళ్ల పక్కన కూర్చోవాలంటే సిగ్గుగా కూడా ఉంది. ఏం చేయమంటారు?

- ఒక సోదరుడు, గుంటూరు జిల్లా

జవాబు: ఇంటర్‌లో మార్కులు తెచ్చుకున్నదీ మీరే, బీటెక్‌లో తప్పిందీ మీరే. మధ్యలో తెలివి ఎక్కడికీ పోలేదు. ఇంటర్ హాస్టల్‌లో తెల్లవారకముందే లేపేవారు, స్టడీ అవర్లో నెత్తిన నిలబడేవారు, వారం వారం పరీక్ష పెట్టేవారు. ఏది, ఎప్పుడు చదవాలో మీరు నిర్ణయించుకునే పనే లేదు. అక్కడి నుంచి నేరుగా, క్లాసుకు రాకపోయినా ఎందుకని అడగని చోటుకు వచ్చిపడ్డారు. పరీక్షకు ముందు రోజు జిరాక్సు కాగితాలు తెచ్చుకుంటే చాలని చెప్పే సీనియర్లు ఎలాగూ ఉంటారు. ఎం-1 అలా గట్టెక్కదు. ఇలా మునిగిన పిల్లలు మన రెండు రాష్ట్రాల్లో ఊరికి నలుగురు కనిపిస్తారు. తప్పంతా వారి మీదే వేయడం నాకు నచ్చదు.

అందుకే ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. దుకాణంలో ఉంటూనే రెండు నెలలు, రోజుకు గంటన్నర, ఎం-1 పట్టండి. మాత్రికలతో మొదలుపెట్టండి. ర్యాంకు కనుక్కోవడం, ఐగెన్ విలువలు, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం... పద్ధతి చేతికి వస్తే మార్కులు రాలే భాగం అది. లెక్క చూసి అర్థమైందనుకోకండి, పుస్తకం మూసి మళ్లీ చేయండి. ఎవరూ లేపకుండా ఈ రెండు నెలలు కూర్చోగలిగితే నిశ్చింతగా తిరిగి వెళ్లండి. కూర్చోలేకపోతే, డబ్బు పోకముందే ఆ సంగతి తెలిసినట్టు. అప్పుడు పని మానకుండా దూరవిద్య అందించే ఇగ్నో విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేయవచ్చు. జనవరి, జూలైల్లో రెండు విడతలుగా ప్రవేశాలు ఉంటాయి. అదేమీ చిన్నతనం కాదు.

ఈలోగా కాలేజీ ఆఫీసుకు స్వయంగా వెళ్లండి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో సాధారణంగా చేరిన ఏడాది నుంచి ఎనిమిదేళ్లలోగా బీటెక్ పూర్తి చేయాలి. అంటే మీకు 2030 వరకు గడువు ఉన్నట్టే. డిటెయిన్ అయిన సెమిస్టర్ మళ్లీ ఎప్పుడు మొదలవుతుంది, రెగ్యులేషన్ (సిలబస్, పరీక్షల నిబంధనలు) మారి ఉంటే అదనంగా ఏ సబ్జెక్టులు రాయాలి, పాత సబ్జెక్టులకు సప్లిమెంటరీ ఎప్పుడు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అని అడిగి రాసుకోండి. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాటితే కారణం చూపి, రుసుము కట్టి గట్టెక్కే వీలుంది కానీ ఈసారి ఆ దారి మీకు లేదనే అనుకోండి.

సిగ్గు సంగతి: మొదటి వారం 'అన్నా' అంటారు. తర్వాత మీ రికార్డు పుస్తకం అడుగుతారు, అంతే. రెండో ఏడాదిలో ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి డిప్లొమా వాళ్లు కూడా వచ్చి కలుస్తారు. వయసులు ఎవరూ లెక్కపెట్టరు.

నాన్నగారి మాట వేరు. ఆయన కోపం తప్పిన సబ్జెక్టుల మీద అనుకుంటున్నారు మీరు. దాచినందుకు అని నాకనిపిస్తోంది. కొడుకు సంగతి పరాయివాళ్ల ఫోనులో వినాల్సి వచ్చింది కదా. నాలుగేళ్లకు మాట ఇవ్వకండి, ఆయన నమ్మరు. ఒక్క సెమిస్టర్ అడగండి. దుకాణంలో దాచుకున్నదేమైనా ఉంటే హాస్టల్ ఖర్చుకు ఇస్తానని చెప్పండి. మీ హాల్‌టికెట్ నంబరు, క్లాస్ ఇన్‌చార్జి ఫోను నంబరు రాసి ఆయన చేతికే ఇవ్వండి. ఫలితాలు వచ్చిన రోజు మీకంటే ముందు ఆయనే చూసుకోవచ్చు.