చరిత్ర చదివితే వీసా ఏమవుతుంది?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. బాబుకి నాలుగేళ్లప్పుడు హెచ్‌-1 మీద వచ్చాం, గ్రీన్‌కార్డు కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం. వాడిప్పుడు 11వ తరగతి. అమెరికా తొలి ట్రెజరీ సెక్రటరీ (ఆర్థిక మంత్రి) హామిల్టన్ అప్పుల పథకం గురించి, దానివల్ల పార్టీలు ఎలా పుట్టాయన్న దాని గురించి స్కూల్లో పెద్ద పేపరు రాస్తున్నాడు. కాలేజీలోనూ అదే చదువుతానంటున్నాడు. హిస్టరీ, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్ పోల్చి చెప్పండి. హిస్టరీ అని అప్లై చేయించి, సీటొచ్చాక సీఎస్‌కి మార్పిస్తే సరిపోతుందని తెలిసినవాళ్లంటున్నారు. ఈ పాత రాజకీయాల పిచ్చి వల్ల వాడి బతుకు ఏమవుతుందోనని బెంగగా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చరిత్ర గురించి చాలా ఉంది, గ్రీన్‌కార్డు గురించి ఒక్క ముక్కే ఉంది. మీ బెంగంతా ఆ ఒక్క ముక్కలోనే ఉందని నాకనిపిస్తోంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

21 ఏళ్లు నిండేలోపు గ్రీన్‌కార్డు రాకపోతే బాబు హెచ్‌-4 (హెచ్‌-1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పోతుంది. గ్రీన్‌కార్డు పిటిషన్ పెండింగ్‌లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేసే లెక్క ఒకటుంది, మీ లాయరు చేత అది వేయించండి. అది కూడా చాలకపోతే డిగ్రీ మధ్యలో ఎఫ్‌-1కి, అంటే స్టూడెంట్ వీసాకి మారాలి. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థులకి ఉద్యోగానుభవం కోసం ఇచ్చే అనుమతి) మీద 12 నెలలు పనిచేయొచ్చు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు కలుస్తాయి. హిస్టరీ స్టెమ్ కాదు. మామూలు ఎకనామిక్స్, అంటే కోర్సులకిచ్చే ప్రభుత్వ కోడ్‌లలో 45.0601ది, అదీ కాదు. కానీ అదే డిపార్ట్‌మెంటులో, చాలాచోట్ల అవే ప్రొఫెసర్ల దగ్గర, 45.0603 కోడ్‌తో ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ ఉంటుంది. అది స్టెమ్. కాబట్టి సీఎస్ తప్ప గతి లేదన్న మాట నిజం కాదు. అలాగని డిగ్రీ పేరు చూసి మోసపోకండి. బీఎస్ అని ఉన్నంతమాత్రాన స్టెమ్ అయిపోదు. ఆ కోడ్, యూనివర్సిటీ ఎఫ్‌-1 కోసం ఇచ్చే ఐ-20 పత్రం మీద అచ్చవుతుంది. అప్లై చేసేముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి, ఏ ప్రోగ్రాముకి ఏ కోడో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇక తెలిసినవాళ్లు చెప్పిన ఉపాయం. ఇది ఇప్పుడు మనవాళ్లలో బాగా నడుస్తోంది. నాకు దీనిమీద నమ్మకం లేదు. ఆ దొడ్డిదారిని యూనివర్సిటీలు ఎప్పుడో పసిగట్టాయి. వాషింగ్టన్ యూనివర్సిటీ, ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్, బర్క్‌లీ లాంటి చోట్ల మొదట్లోనే సీఎస్‌లో చేరకపోతే తర్వాత మారడం చాలా కష్టం. మారతామని వెళ్లి, మారలేక, వెళ్లిన సబ్జెక్టు మీద మనసులేక రెండేళ్లు పోగొట్టుకున్న పిల్లలు ఏటా కనిపిస్తారు. సీఎస్ చెడ్డదని కాదు. ఇష్టం లేనివాడు డేటా స్ట్రక్చర్స్, అల్గారిదమ్స్ దాకా వచ్చేసరికి చతికిలబడతాడు. తక్కువ మార్కుల సీఎస్ డిగ్రీతో క్యాంపస్ ఇంటర్వ్యూలకి వెళ్తే, మీరు అనుకుంటున్న భద్రత అక్కడా ఉండదు. మీవాడికి నిజంగానే హిస్టరీ ఇష్టం. ఆ ఇష్టాన్ని ముసుగుగా వాడుకుందామంటే వాడేమనుకుంటాడో ఒక్కసారైనా ఆలోచించారా?

కాస్త గట్టిగానే అడుగుతాను. వాడి పేపరు మీరు చదివారా? చదివుంటే దాన్ని రాజకీయాల పిచ్చి అనేవారు కాదు. అందులో ఉండేది ముప్పాతిక వంతు ఫైనాన్స్.

1790 జనవరిలో ట్రెజరీ సెక్రటరీ హామిల్టన్ కాంగ్రెస్ ముందు పెట్టిన లెక్క ఇది: విదేశీ అప్పు సుమారు 1.17 కోట్ల డాలర్లు, స్వదేశీ అప్పు వడ్డీ బకాయిలతో కలిపి 4 కోట్ల పైన, రాష్ట్రాల అప్పు అంచనాగా 2.5 కోట్లు. స్వాతంత్ర్య యుద్ధంలో సైనికులకి జీతం బదులిచ్చిన అప్పు కాగితాలు అప్పటికే చాలావరకు చవగ్గా వ్యాపారుల చేతికెళ్లాయి. డబ్బులో కొంత మొదటి హక్కుదారులకీ ఇవ్వాలని వర్జీనియా ప్రతినిధి మాడిసన్ అడిగితే ప్రతినిధుల సభ 36-13తో కొట్టేసింది. రాష్ట్రాల అప్పుల్ని కేంద్రమే నెత్తినేసుకోవడం మీద ఇంకా పెద్ద గొడవైంది. వర్జీనియా తన అప్పు చాలావరకు తీర్చేసుకుంది, మసాచుసెట్స్, సౌత్ కరోలినా మునిగి ఉన్నాయి. చివరికి రాజధానిని దక్షిణాదికి, పోటోమాక్ నది ఒడ్డుకి ఇచ్చి బేరం కుదుర్చుకున్నారు. 1791లో కోటి డాలర్ల మూలధనంతో, 20 ఏళ్ల చార్టర్‌తో (అనుమతి పత్రంతో) జాతీయ బ్యాంకు వచ్చింది. రాజ్యాంగంలో దానికి చోటే లేదన్నాడు అప్పటి విదేశాంగ మంత్రి జెఫర్సన్. ఆ అక్టోబరుకల్లా ఆయన వర్గానికి సొంత పత్రిక కూడా వచ్చింది. దాని ఎడిటర్‌కి విదేశాంగ శాఖలో ఏడాదికి 250 డాలర్ల అనువాదకుడి ఉద్యోగం ఇచ్చింది జెఫర్సనే! హామిల్టన్ వైపు ఫెడరలిస్టులు, జెఫర్సన్ వైపు రిపబ్లికన్లు అని రెండు పక్షాలు గట్టిపడింది ఈ జమాఖర్చుల మీదే.

విద్యార్థుల పేపర్లు చెడేదీ ఇక్కడే. హామిల్టన్ ధనికుల మనిషి, జెఫర్సన్ రైతుల మనిషి అని రాసేసి చేతులు దులుపుకుంటారు. హామిల్టన్ అప్పు తీర్చేశాడని కూడా రాస్తారు. ఆయన తీర్చలేదు, పాత కాగితానికి కొత్త కాగితం ఇచ్చాడు. వంద డాలర్ల అసలుంటే మూడింట రెండొంతులకి వెంటనే 6 శాతం వడ్డీ, మిగతా వంతుకి 1801 నుంచి. అంటే మొదటి పదేళ్లు ఏటా 4 డాలర్లు, ఆపైన 6. అసలు ఎప్పటికీ తీర్చరనుకుని ఈరోజు విలువ కడితే, మార్కెట్ వడ్డీ 6 శాతమైతే ఆ వంద సుమారు 85, 5 శాతమైతే 105, 4 శాతమైతే 134. వడ్డీరేట్లు పడతాయన్న హామిల్టన్ నమ్మకం మీదే పథకమంతా నిలబడింది. 1801లో అధికారంలోకి వచ్చిన జెఫర్సన్ పక్షం ఆ బ్యాంకుని 1811లో గడువు తీరేదాకా ఉంచింది. లూయిసియానా కొనడానికి 1.125 కోట్ల డాలర్ల 6 శాతం బాండ్లే ఇచ్చింది. మొదటి బ్యాంకు చార్టర్ రాజ్యాంగ విరుద్ధమని వాదించిన మాడిసన్ అధ్యక్షుడిగా 1816లో రెండో బ్యాంకు మీద సంతకం పెట్టాడు.

ఇది 230 ఏళ్ల నాటి గొడవ కదా అంటారేమో. మీ ఆస్తి పన్ను బిల్లు తీసి చూడండి, స్కూలు పన్నులో ఐ అండ్ ఎస్ అని ఒక భాగం ఉంటుంది. ఇంట్రెస్ట్ అండ్ సింకింగ్, అంటే వడ్డీకీ అసలు తీర్చడానికీ పక్కనపెట్టే నిధి. స్కూలు బాండ్ల అప్పు దాంతోనే తీరుస్తారు. 1790లో కాంగ్రెస్ పెట్టిన సింకింగ్ ఫండ్ కూడా ఆ కోవలోదే. అలాంటి బాండ్లు రాసేవాళ్లు, రేటింగ్ ఇచ్చేవాళ్లు, కొనేవాళ్లు అందరూ ఉద్యోగస్తులే.

వాడి మొగ్గు తెలుసుకోవాలంటే పైనున్న 85, 105, 134 లెక్క ఎక్సెల్‌లో వేయమనండి. అది హుషారుగా చేస్తే క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ మేజర్, హిస్టరీ రెండో మేజర్ లేదా మైనర్. లెక్క పక్కనపెట్టి, ఫౌండర్స్ ఆన్‌లైన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మాడిసన్ ఉత్తరాల్లో పడిపోతే వాడు చరిత్రకారుడే. అప్పుడు మాత్రం నిజం చెప్పాలి. హిస్టరీ పీహెచ్‌డీ తర్వాత ప్రొఫెసర్ ఉద్యోగాలు బాగా తక్కువ. ఫెడరల్ ఉద్యోగాలు దాదాపు పౌరులకే. లా చదవడానికి మూడేళ్లు, వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ లోను రాదు. గ్రీన్‌కార్డు వచ్చాక లోను దారి తెరుచుకుంటుంది, ఫెడరల్ ఉద్యోగాలకి మాత్రం పౌరసత్వం దాకా ఆగాలి. ఈలోపు వీటినే నమ్ముకోవద్దు.

12వ తరగతిలో కాల్క్యులస్ బీసీ (కాలేజీ స్థాయి ఏపీ కోర్సు) తీసుకుంటున్నాడో లేదో మీరు రాయలేదు. లేకపోతే స్కూలు కౌన్సెలర్‌ని కలిసి ఈ వారమే షెడ్యూల్ మార్పించండి. స్టాటిస్టిక్స్ ఒక్కటే చాలదు, 45.0603 ప్రోగ్రాముల్లో మల్టీవేరియబుల్ కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా త్వరగానే మొదలవుతాయి.