నవలలో రేడియో అంకెల సందేశం: తెలుగులో రాసి, విప్పే పద్ధతి

మీ ప్రశ్న ఇదీ: 1970 నాటి గూఢచారి నవలలో హీరో రాత్రిపూట రేడియోలో అంకెలు విని, గదిలో కూర్చుని సందేశం విప్పుకోవాలి. దాన్ని ఏదో ఒక పుస్తకం పేజీ నంబర్లతో నడిపించవచ్చా, తెలుగు అక్షరాలకు కుదురుతుందా?

తెలుగుకు బ్రహ్మాండంగా కుదురుతుంది. పుస్తకం మాత్రం వద్దు, వన్ టైమ్ ప్యాడ్ (ఒక్కసారి వాడి పారేసే అంకెల కట్ట) పెట్టండి.

పుస్తకం పద్ధతి, అంటే కావలసిన మాటను పేజీ, వరస నంబర్లతో సూచించడం, చరిత్రలో లేదని కాదు. 1942లో కైరోలో జర్మన్ గూఢచారులు ‘రెబెకా’ నవలను ఇందుకే దగ్గర పెట్టుకున్నారు. కానీ ఇద్దరి దగ్గరా ఒకే ముద్రణ ఉండి తీరాలి. మన దగ్గర మలిముద్రణ రాగానే పేజీలు మారిపోతాయి. శతకాలు వాడదామంటే వేమన పద్యాల వరస ఒక్కో ప్రచురణలో ఒక్కోలా ఉంటుంది. పైగా తెలుగు మాటకు విభక్తులూ ప్రత్యయాలూ అంటుకుని ఉంటాయి కాబట్టి కావలసిన రూపంలో ఆ మాట పుస్తకంలో దొరకదు. అన్నిటికంటే పెద్ద చిక్కు, హీరో మీద అనుమానం వచ్చిన రోజున అతని అలమరలో ఉన్న పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూస్తారు.

ప్యాడ్ అంటే అగ్గిపెట్టెలో పట్టేంత చిన్న కాగితాల కట్ట. ప్రతి కాగితం నిండా అయిదేసి అంకెల గుంపులు. పంపేవాడి దగ్గర ఒకటి, అందుకునేవాడి దగ్గర ఒకటి, మూడో కాపీ ఉండకూడదు. వాడిన కాగితం వెంటనే కాల్చేయాలి.

ముందు అక్షరాలను అంకెలు చేయాలి. తెలుగుకి ఈ పట్టిక సరిపోతుంది. అ నుంచి ఔ దాకా ౠ, ఌ వదిలేసి 01 నుంచి 13. సున్న 14, విసర్గ 15, పొల్లు 16, మాటల మధ్య ఖాళీ 00. హల్లులు క నుంచి మ దాకా వరసగా 21 నుంచి 45. తర్వాత య 46, ర 47, ల 48, వ 49, శ 50, ష 51, స 52, హ 53, ళ 54. గుణింతం వస్తే హల్లు వెనకాల అచ్చు నంబరు రాయాలి, తలకట్టుకు ఏమీ రాయక్కర్లేదు. వత్తు వస్తే మధ్యలో 16.

‘రేపు రావద్దు’ అని పంపాలనుకోండి. ర 47, ఏత్వం 09, ప 41, కొమ్ము 05, ఖాళీ 00, ర 47, దీర్ఘం 02, వ 49, ద 38, పొల్లు 16, ద 38, కొమ్ము 05. మొత్తం 24 అంకెలు. చివర ఒక సున్నా చేర్చి అయిదేసి విడగొడితే:

సందేశం: 47094 10500 47024 93816 38050
ప్యాడ్: 58831 90647 31872 26409 74135
పంపేది: 95825 00147 78896 19215 02185

సందేశం అంకెకి దాని కింది ప్యాడ్ అంకె కలిపితే పంపేది వస్తుంది. ఈ కూడికలో ఎక్కడా మోత లేదు, అంటే పక్క స్థానానికి ఏమీ మోసుకెళ్ళరు. 7కి 8 కలిపితే 15, అందులో 5 మాత్రం రాసి ఒకటి వదిలేయాలి. హీరో చేసేది దీనికి తలకిందులు: వచ్చిన అంకెలోంచి ప్యాడ్ అంకె తీసేస్తాడు, చాలకపోతే 10 కలుపుకుంటాడు, పక్క అంకె నుంచి అప్పు తీసుకోడు. అతను కంగారులో మామూలు తీసివేత చేసి, సందేశం చెత్తగా వచ్చి, మళ్ళీ మొదలుపెట్టడం చూపిస్తే సీను చాలా నిజంగా ఉంటుంది.

ఇక నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చే సంగతి. పై సందేశంలో చివరి రెండు గుంపులూ రేడియో గరగరలో పోయాయనుకోండి. మిగిలిన మూడు గుంపుల్ని విప్పితే ‘రేపు రా’ అని వస్తుంది, వెనకాల ఒంటరిగా ఒక 4. రావద్దన్నది రమ్మన్నట్టు అయిపోయింది! మన భాషలో ‘వద్దు’, ‘లేదు’, ‘కాదు’ వాక్యం చివర్లోనే వస్తాయి కాబట్టి తోక తెగితే అర్థం తిరగబడుతుంది. మీ కథకి మలుపు ఇక్కడే రెడీగా ఉంది. అయితే జాగ్రత్తపరుడైన హీరో మోసపోడు. ఎందుకంటే సందేశానికి ముందే గుంపులెన్నో చెప్తారు. ఇక్కడ అయిదు అని చెప్పి ఉంటారు, అతని కాగితం మీద మూడే ఉన్నాయి. అలసటలోనో ఆత్రంలోనో అతను ఆ లెక్క చూసుకోకపోవడం పాఠకుడికి ముందే కనిపించాలి, లేకపోతే మోసం చేసినట్టుంటుంది.

అయిదేసి అంకెలుగా చదవడం వెనక కూడా ఇలాంటి కారణమే ఉంది. మధ్యలో ఒక్క అంకె జారిపోతే ఆ తర్వాతవన్నీ ఒక స్థానం జరిగి మొత్తం చెత్త అవుతుంది. గుంపులుగా ఉంటే నాలుగే అంకెలున్న గుంపు కంటికి కనపడుతుంది. దాని చోట గీతలు పెట్టి ముందుకెళ్ళచ్చు. అంకె జారకుండా తప్పుగా మాత్రమే వినపడితే ఒక్క అక్షరమే పాడవుతుంది.

రేడియో విషయం త్వరగా చెప్తాను. షార్ట్‌వేవ్ ఉన్న మామూలు ట్రాన్సిస్టర్ చాలు. రాత్రి కాబట్టి 49 మీటర్ల బ్యాండు దగ్గర తిప్పుతున్నాడని రాయండి. వినేవాడు ఎవరో బయటివాళ్ళకి తెలిసే దారి దాదాపు లేదు, ఈ పద్ధతి బలమంతా అదే. ఒక్కో గుంపు రెండుసార్లు చదువుతారు. గుంపుకి పది సెకన్లు వేసుకున్నా 100 గుంపులకి పావుగంట దాటుతుంది, కాబట్టి సందేశాలు పొట్టిగా ఉండాలి. రాసుకునే కాగితం ఒక్కటే ఉండాలి, అదీ గాజు పలక మీదో అద్దం మీదో. నోటుబుక్కులో రాస్తే కింది పేజీ మీద అచ్చు పడుతుంది.

ప్యాడ్ అంకెలు మీరు మనసులోంచి రాయకండి. మనుషులు వరసగా ఒకే అంకె రెండుసార్లు వేయడానికి జంకుతారు. నిజమైన యాదృచ్ఛిక వరసలో పది పక్కపక్క జతల్లో సుమారు ఒకటి ఒకే అంకె అవుతుంది. 0 నుంచి 9 దాకా పది చీటీలు వేసి, తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేసి కలుపుతూ తీయండి.

విలన్ వైపు వాళ్ళు దీన్ని తెలివితేటలతో ఛేదించినట్టు దయచేసి రాయకండి. గూఢచారి కథల్లో నన్ను బాగా బాధపెట్టేది అదే. సరిగ్గా వాడిన ప్యాడ్‌ను ఛేదించడం అసాధ్యమని అమెరికన్ గణిత శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన వ్యాసంలో గణితంతో నిరూపించాడు. విరిగేది మనుషుల దగ్గర. 1942లో యుద్ధ ఒత్తిడిలో సోవియట్ వాళ్ళు కొన్ని ప్యాడ్ పేజీల్ని వేరే ప్యాడ్లలో కూడా మళ్ళీ అచ్చువేశారు. ఒకే పేజీతో పోయిన రెండు సందేశాల్ని ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే ప్యాడ్ మాయమై రెండు సందేశాల తేడా మాత్రం మిగులుతుంది. ఒకదాంట్లో ఏదైనా మాట ఊహించగలిగితే రెండోదాంట్లో అదే చోట ముక్క బయటపడుతుంది. అమెరికన్లు 1943లో తమ సైన్యపు సంకేతాలు విప్పే కేంద్రం ఆర్లింగ్టన్ హాల్‌లో మొదలుపెట్టిన, తర్వాత ‘వెనోనా’ అని పేరుపడ్డ పని ఇదే, అది 1980 దాకా సాగింది. సోవియట్ వాళ్ళకి అణుబాంబు రహస్యాలు అందించిన భౌతిక శాస్త్రజ్ఞుడు క్లాస్ ఫుక్స్ పట్టుబడింది దాని వల్లే. ప్యాడ్లు అయిపోయి కొత్తవి రాక, మీ హీరో పై అధికారి పాత పేజీ మళ్ళీ వాడమంటే విలన్‌కి న్యాయమైన దారి దొరుకుతుంది.

ఇంకో దారి, లోపలి మనిషి. 1953లో బ్రూక్లిన్‌లో పేపర్ వేసే కుర్రాడికి దొరికిన బోలు నాణెంలో అంకెలున్న సూక్ష్మ ఫొటో ఉంది. ఎఫ్‌బీఐకి నాలుగేళ్ళు కొరుకుడు పడలేదు. ప్యాడ్ కాదు, చేత్తో చేసే వేరే సంకేతమే అది. 1957లో సోవియట్ గూఢచారి రైనో హేహానెన్ అమెరికా వైపు ఫిరాయించి తాళం చెప్తేనే తెరుచుకుంది. చూస్తే అతనికే పంపిన స్వాగత సందేశం.

ప్రూఫులు వచ్చాక, నవల చదవని ఎవరికైనా పట్టిక, ప్యాడ్ పేజీ, అచ్చయిన అంకెలు మాత్రమే ఇచ్చి విప్పమనండి. అచ్చులో ఒక్క అంకె మారినా పెన్సిలు పట్టుకున్న పాఠకుడు పట్టేస్తాడు.