ఈఎంఐ ఉన్న కారుకి రీమ్యాప్ వద్దు తమ్ముడూ, కార్టింగ్ మాత్రం మానకు

ప్రశ్న: అన్నా, నాకు 29 ఏళ్ళు. మాది ఖమ్మం, గచ్చిబౌలిలో టెస్టింగ్ జాబ్, చేతికి నెలకి 92,000 వస్తుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూసినప్పట్నుంచి ఈ పిచ్చి పట్టింది. నెలకి రెండు ఆదివారాలు కార్టింగ్‌కి (ట్రాక్ మీద చిన్న రేసు బండ్లు నడపడానికి) పోతా, పోయిన ప్రతిసారీ మూడు సెషన్లు, ఒక్కోటి 800. సెకండ్ హ్యాండ్‌లో 2021 ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్ తీసుకున్నా, ఈఎంఐ 14,800, ఇంకా 38 నెలలుంది. రూమ్ రెంట్ నా వాటా 11,000, ఇంటికి 15,000 పంపిస్తా, తిండి, పెట్రోల్, బిల్లులు కలిపి 22,000. నెలకి ఒక 5,000 మిగుల్తుంది. ఎఫ్‌డీ 1.6 లక్షలుంది, క్రెడిట్ కార్డు మీద 46,000 బాకీ ఉంటే మినిమమ్ డ్యూ కడుతున్నా. ఏటా బోనస్ ఒక 1.2 లక్షలొస్తుంది. ఇప్పుడు కారుకి స్టేజ్ వన్ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్స్ మార్చి పవర్ పెంచడం), ఎగ్జాస్ట్, కాయిలోవర్స్ (ఎత్తు మార్చుకునే సస్పెన్షన్), 17 అంగుళాల అలాయ్ వీల్స్ చేయిద్దామనుకుంటున్నా, మొత్తం 2.8 లక్షలు, పర్సనల్ లోన్ 14 శాతానికి 3 ఏళ్ళకి ఇస్తామంటున్నారు. వచ్చే ఏడాది కోయంబత్తూర్‌లో ఒక సీజన్ రేసింగ్ కూడా చెయ్యాలని ఉంది, 5.5 లక్షలు చెప్పారు. కారు మీద పెట్టింది అమ్మినప్పుడు వస్తుంది కదా, అంటే ఇది కూడా ఒక పెట్టుబడే కదా? నాన్న మాత్రం ఇదంతా దుబారా, మానెయ్ అంటున్నారు. మానెయ్యాలా?

జవాబు: మానకు తమ్ముడూ. ముందు ఆ మాట చెప్పేస్తా, ఎందుకంటే నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించిన లైన్ ఆ చివరిదే. వారమంతా స్క్రీన్ ముందు కూర్చునే మనిషికి నెలకి రెండు పూటలు ఒళ్ళు, మనసు పూర్తిగా ఒకే పని మీద పెట్టే చోటు దొరికితే అది దుబారా కాదు, 92,000 జీతంలో 4,800 అంటే అయిదు శాతం చిల్లర, దానికి నేను అడ్డు చెప్పను. కానీ నాన్నగారి భయం కూడా ఉత్తిది కాదు. ఆయన కంగారు పడాల్సింది కార్టింగ్ గురించి కాదు, ఆ 2.8 లక్షల లోన్ గురించి, ఇంకా నువ్వు ఒక్క ముక్కలో చెప్పేసి దాటేసిన ఆ క్రెడిట్ కార్డు గురించి.

ముందు పెట్టుబడి అన్న మాట సంగతి చూద్దాం, ఎందుకంటే లోన్ తీసుకోడానికి ధైర్యం ఇస్తుంది ఆ మాటే. కారే రోజురోజుకీ విలువ తగ్గే వస్తువు, దానికి తగిలించేవి ఇంకా తొందరగా తగ్గుతాయి. సెకండ్ హ్యాండ్ పోలో కొనడానికి వచ్చేవాడు మొదట అడిగేది బండి కంపెనీ ఇచ్చినట్టే ఉందా అని. రీమ్యాప్ చేసిన బండి అంటే ఎవడో బాగా దంచి ఉంటాడని భయపడి రేటు తగ్గించి అడుగుతాడు తప్ప ఎక్కువ ఇవ్వడు, అది ఆ కార్లు ప్రేమించే మన బ్యాచ్‌లోనే చూస్తూ ఉంటాం కదా. అలాయ్స్, సస్పెన్షన్ విప్పి విడిగా అమ్ముకుంటే సగం వస్తే గొప్ప, రీమ్యాప్‌కి పెట్టిన డబ్బులో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు. ఇక లోన్ లెక్క: 2.8 లక్షలు 14 శాతానికి 36 నెలలంటే ఈఎంఐ దాదాపు 9,570, మొత్తం కట్టేది 3.44 లక్షలు దాటుతుంది, అంటే వడ్డీయే 64,000 పైన. నీ 800 లెక్కన 80 కార్టింగ్ సెషన్లు అవి, నువ్వు వెళ్ళే తీరులో ఏడాది మీద ఇంకొంచెం. ఆ వడ్డీ కట్టి నువ్వు కొంటున్నది ఏంటని ఒక్కసారి కూర్చుని ఆలోచించు.

తర్వాతది చట్టం, ఇన్సూరెన్స్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతా, బండికి ఇలాంటి మార్పులు (మోడ్స్) చేసే కుర్రాళ్ళు ఎక్కువమంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి. మోటార్ వెహికల్స్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించినప్పుడు 182ఏ సెక్షన్ కింద పర్మిషన్ లేకుండా మార్చిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. ఒక్కో మార్పుకి అన్న మాట గమనించు. నీ లిస్టులో ఉన్నవి నాలుగు.

ఫైన్ అయినా కట్టుకుంటావు, అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర. నా క్లయింట్ ఒకతను, నీ వయసే, విజయవాడ హైవే మీద కారు డివైడర్‌కి గుద్దుకుంది, తప్పు ఎదుటి లారీదే అని అందరూ అన్నారు, కానీ సర్వేయర్ వచ్చి ఎగ్జాస్ట్, ట్యూన్ చూసి రిపోర్టులో రాశాడు, పాలసీ తీసుకున్నప్పుడు ఇవేవీ చెప్పలేదు కాబట్టి క్లెయిమ్ నెలల తరబడి నలిగింది, ఈలోపు గ్యారేజీలో కదలకుండా ఉన్న కారుకి ప్రతి నెలా అయిదో తారీఖు ఈఎంఐ మాత్రం కట్ అవుతూనే ఉంది. ఆ కుర్రాడి ముఖం నాకింకా గుర్తుంది. ఇంకా ఘోరం ఏంటంటే ఎదుటివాళ్ళకి దెబ్బలు తగిలిన కేసు అయితే, పాలసీ షరతులు తప్పినట్టు తేలితే, కంపెనీ ముందు బాధితులకి కట్టి ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పే సందర్భాలుంటాయి. అది లక్షల్లో ఉంటుంది, అది నువ్వు మొయ్యలేవు, ఖమ్మంలో ఇల్లు అమ్మాల్సి వస్తుంది.

ఇంకోటి, నీ పాలసీ డాక్యుమెంట్ తీసి వాడకానికి పరిమితులు అన్న పేరా చదువు, ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, పేస్ మేకింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ ఇవన్నీ కవర్ కావని స్పష్టంగా రాసి ఉంటుంది. అందుకని ఫ్రెండ్స్ ఎవరైనా చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో సొంత కార్లు నడిపే ట్రాక్ డే ఉంది, పోలో వేసుకుని రా అంటే, ఈఎంఐ తీరేదాకా రాను అని చెప్పు. అక్కడ గోడకి కొడితే రిపేర్ మొత్తం నీ జేబులోంచే పోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) మీద ట్రై చేద్దాం అన్న ఆలోచన ఉంటే అది ఇక్కడే వదిలెయ్, 158 కిలోమీటర్లు ఖాళీగా కనిపించినా అది ట్రాక్ కాదు, ఎదురుగా ఎవరి కుటుంబం వస్తుందో నీకు తెలియదు.

మరి కారుకి ఏమీ చేయొద్దా అంటే, చెయ్. అదే సైజులో మంచి టైర్లు వేయించు, మంచి బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, వీల్ అలైన్‌మెంట్ సరిగ్గా పెట్టించు. వీటికి ఆర్టీఓ దగ్గరికి పోనక్కర్లేదు, సైజు మారదు కాబట్టి ఇన్సూరెన్స్‌తో గొడవ లేదు, ముప్పై నలభై వేలల్లో అయిపోతుంది, అది కూడా ఉన్న టైర్లు అరిగినప్పుడే. నిజం చెప్పాలంటే 110 పీఎస్ ఉన్న ఆ చిన్న మూడు సిలిండర్ల ఇంజిన్‌కి మన రోడ్ల మీద పవర్ తక్కువైన సందర్భం నీకు ఎన్నిసార్లు వచ్చింది? రీమ్యాప్‌తో టార్క్ పెరిగితే ముందు భారం పడేది క్లచ్ మీద, ఆ తర్వాత టైర్ల మీద, బ్రేకుల మీద, అంటే రీమ్యాప్‌తో మొదలైన ఖర్చు అక్కడ ఆగదు, ఒకటి మారిస్తే దాని వెనకాల ఇంకోటి అడుగుతుంది. అనంతగిరి దాకా పొద్దున్నే ఒక డ్రైవ్‌కి ఆ కారు ఇప్పుడున్నట్టే చాలా బాగుంటుంది, నేను ఆ ఇంజిన్ నడిపాను కాబట్టి చెప్తున్నా.

డ్రైవర్‌ని ఫాస్ట్ చేసేది సీట్ టైమ్. అందుకే డబ్బు పార్ట్స్ మీద కాదు, ట్రాక్ మీద గడిపే నిమిషాల మీద పెట్టమంటున్నా. కార్ట్‌కి సస్పెన్షన్ ఉండదు, వెనక యాక్సిల్ ఒకటే ముక్క, రెండు చక్రాల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు, అందుకని మూలలో లోపలి వెనక చక్రం కొంచెం లేవకపోతే అది తిరగదు, ఆ బరువు ఎటు పోతుందో నీ నడుముకే తెలిసిపోతుంది. బ్రేకింగ్ పాయింట్, లైన్, అపెక్స్ (మలుపులో లోపలి అంచుకి దగ్గరయ్యే చోటు) ఇవన్నీ 800 రూపాయల్లో నేర్పే బడి అది. నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ టీమ్‌తో ఫార్ములా వన్‌కి వెళ్ళాడన్నా, కరుణ్ చందోక్ 2010లో వెళ్ళాడన్నా వెనక ఎన్నో ఏళ్ళ ట్రాక్ టైమ్ ఉంది, దానికి తోడు స్పాన్సర్లున్నారు. టాలెంట్ ఉన్నవాళ్ళే సొంత జేబుతో అంత దూరం పోలేరు, ఈ ఆట అంత ఖరీదైంది. 29 ఏళ్ళప్పుడు నువ్వు దీన్ని కెరీర్‌గా చూడట్లేదని అనుకుంటున్నా, ఇష్టంగా చూస్తున్నావు. ఇష్టానికి బడ్జెట్ ఉంటే అది పదేళ్ళు నిలుస్తుంది, లేకపోతే రెండేళ్ళలో విసుగొచ్చి కార్టింగ్ కూడా మానేస్తావు.

కోయంబత్తూర్ సీజన్ సంగతి. అక్కడి కరి స్పీడ్‌వే దాదాపు 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్, కొత్తవాళ్ళకి చాలా మంచిది, పోవాలన్న కోరిక నాకు నచ్చింది. కానీ 5.5 లక్షలు అని చెప్పినవాళ్ళని ఇవి అడుగు: క్రాష్ అయితే డ్యామేజ్ ఎవరిది? టైర్లు, ప్రాక్టీస్ సెషన్లు కలిపేనా? ఎఫ్ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసింగ్‌ని చూసే సంస్థ) లైసెన్స్, మెడికల్, ప్రయాణాలు, హోటల్? సాధారణంగా కారు వాళ్ళదే, నువ్వు వెళ్ళి నడపడమే అన్న ప్యాకేజీల్లో డ్యామేజ్ డ్రైవర్ మీదే పడుతుంది, ఒక్క స్పిన్‌తో ఆ అంకె మారిపోతుంది. అందుకని వచ్చే ఏడాది సీజన్ వద్దు. ముందు ఒక వీకెండ్ ట్రైనింగ్ స్కూల్, అది నచ్చితే ఒకే ఒక రౌండ్. దానికి డబ్బు ఎలా వస్తుందో కింద చెప్తా.

ఇప్పుడు నీ నెల చూద్దాం. 92,000 లోంచి ఈఎంఐ, రెంట్, ఇంటికి పంపేది, తిండి బిల్లులు అన్నీ తీస్తే 29,200 మిగలాలి. కార్టింగ్ 4,800, మిగులు 5,000 అన్నావు, మరి మిగతా 19,400 ఎక్కడికి పోతోంది? నీకు తెలియదనుకుంటా, తెలిస్తే ఉత్తరంలో రాసేవాడివి. నా అనుమానం కార్డు మీదే, ఏదో ఒక యాక్సెసరీ, డీటెయిలింగ్, ఫ్రెండ్స్‌తో హైవే బ్రేక్‌ఫాస్ట్, సేల్‌లో కొన్నది. తిట్టడానికి అడగట్లేదు, నీ 2.8 లక్షల్లో చాలా భాగం ఆల్రెడీ నీ దగ్గరే ఉంది, నెలకి 19,400 చొప్పున ఏడాదికి లెక్కేస్తే 2.3 లక్షలు దాటుతుంది, అందుకు అడుగుతున్నా.

మొదటి పని ఈ వారమే చెయ్. ఎఫ్‌డీలోంచి 46,000 తీసి కార్డు మొత్తం కట్టెయ్. కార్డు వడ్డీ నెలకే మూడు శాతం పైన ఉంటుంది, ఎఫ్‌డీకి ఏడాదికి వచ్చేది ఆరేడు శాతం, మినిమమ్ డ్యూ కడుతూ ఎఫ్‌డీ దాచుకోవడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. ఎఫ్‌డీలో 1.14 లక్షలు మిగుల్తాయి, అది ముట్టుకోకు, అది ఎమర్జెన్సీ ఫండ్ మొదలు. నీ తప్పనిసరి ఖర్చు నెలకి 62,800 కాబట్టి ఆరు నెలలకి 3.77 లక్షలు కావాలి. ఐటీ ఉద్యోగం చేస్తూ ఇంటికి డబ్బు పంపేవాడికి దీనికి తక్కువ నేను ఒప్పుకోను.

ఆ 29,200 ని ఇలా పెట్టు. జీతం పడ్డ మర్నాడే 12,000 ఆర్‌డీకి (రికరింగ్ డిపాజిట్) పోవాలి, ఎమర్జెన్సీ కోసం, 6,000 ఇండెక్స్ ఫండ్ సిప్‌కి (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టేది), 2,200 టర్మ్ ఇన్సూరెన్స్, సొంత హెల్త్ పాలసీ ప్రీమియం కోసం పక్కన, 9,000 నీ హాబీకి. అవును, తొమ్మిది వేలు. 4,800 ఇప్పటిలా కార్టింగ్, మిగతా 4,200 వేరే సేవింగ్స్ అకౌంట్‌లో, దానికి పేరు రేసింగ్ అని పెట్టుకో. బోనస్ వచ్చినప్పుడు 90,000 ఎమర్జెన్సీకి, 30,000 రేసింగ్ అకౌంట్‌కి. ఈ లెక్కన ఏడాదింబావులో ఎమర్జెన్సీ నిండుతుంది, అప్పటికి రేసింగ్ అకౌంట్‌లో 93,000 ఉంటుంది, ఒక వీకెండ్ ట్రైనింగ్‌కి కోయంబత్తూర్ ట్రైన్ ఎక్కొచ్చు, ఎవ్వరికీ బాకీ లేకుండా. ఎమర్జెన్సీ నిండాక ఆ 12,000 పెళ్ళి ఖర్చు కోసం మళ్ళించు, ఇంట్లో ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కదా.

ఇన్సూరెన్స్ ఫారంలో ప్రమాదకరమైన హాబీలున్నాయా అని అడుగుతారు, కార్టింగ్ అని నిజం రాయి, రేసింగ్ ప్లాన్ ఉంటే అదీ రాయి, ప్రీమియం కాస్త పెరిగినా పర్లేదు. దాచిపెట్టిన పాలసీ నీకేం కాకపోతేనే పనికొస్తుంది, అయితే పనికిరాదు. హెల్త్ పాలసీల్లో మోటార్ రేసింగ్ గురించి ఉండే మినహాయింపు ప్రొఫెషనల్‌గా పాల్గొన్నవాళ్ళ గురించి ఉంటుంది, ఆ ఒక్క మాట నీ పాలసీలో ఎలా రాశారో చూసుకుని, డౌట్ ఉంటే కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకో. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో రేసింగ్ తీసేసి ఉండడం మామూలే, అదీ చూడు. అమ్మానాన్నలకి ఆఫీస్ పాలసీ ఒక్కటే ఉందా? ఉద్యోగం మారితే అది పోతుంది, నువ్వు రాయలేదు, రాయి.

రేసింగ్ అకౌంట్ లోంచి మొదట కొనాల్సింది సొంత హెల్మెట్, గ్లవ్స్, ఇంకా రిబ్ ప్రొటెక్టర్. కార్ట్ సీటు పక్కటెముకల్ని ఎలా నలిపేస్తుందో నీకు తెలిసే ఉంటుంది.

నాన్నగారితో ఒకసారి కూర్చో. లోన్ తీసుకోవట్లేదు, కార్డు కట్టేశాను, నెలకి ఇంత దాస్తున్నా అని ఆ పేపర్ చూపించి, తర్వాత ఒక ఆదివారం ఆయన్ని ట్రాక్‌కి తీసుకెళ్ళు. పక్కన నిలబడి చూస్తే చాలు. అప్పటిదాకా లోన్ ఫోన్లు వస్తే కట్ చెయ్, వచ్చే నెలలో మూడు నెలల కార్డు స్టేట్‌మెంట్లు పంపు, పేర్లు నంబర్లు చెరిపేసి. ఆ 19,400 ఎక్కడ కారుతోందో కలిసి చూద్దాం.