పెద్ద క్లబ్బులు ఉండగా ఊరి జట్టునే జనం ఎందుకు పట్టుకొని ఉంటారు?

ఇంగ్లండ్‌లో సండర్‌ల్యాండ్ ఫుట్‌బాల్ జట్టు 2017లో ఒకసారి, 2018లో ఇంకోసారి కిందికి దిగి మూడో అంచె లీగ్‌లో పడ్డా, దాని స్టేడియానికి ఒక్కో మ్యాచ్‌కు ముప్పై వేల మంది దాకా వస్తూనే ఉన్నారని మీరు చదివారు. టీవీ పెడితే ప్రపంచంలోని గొప్ప జట్లన్నీ కనిపిస్తాయి కదా, వీళ్లు ఈ ఓడే జట్టును ఎలా ఎంచుకున్నారు, ఎంచుకున్నాక ఎందుకు వదల్లేదు అని అడిగారు. మీది కర్నూలు అన్నారు. నాది పక్క జిల్లా అనంతపురం. నా అనుభవమే చెప్తాను.

ముందుగా, నేను జట్టును ఎంచుకోలేదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ ఊరికి పోయాను. మా మేనమామ ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆదివారం వస్తే ఊరి జట్టుకు గోల్‌కీపర్. నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని గ్రౌండ్‌కు తీసుకుపోయాడు. గ్రౌండ్ అంటే శనక్కాయ కళ్లాల పక్కన ఎర్రమట్టి బయలు. గోల్ పోస్టులు సర్వి కట్టెలు. నెట్ లేదు. ముగ్గుపిండితో గీతలు వేశారు, గాలికి సగం పోయాయి. గోల్ వెనక వంక ఉంది. గోల్ పడిందంటే బంతి నేరుగా వంకలోకి దొర్లిపోయేది. "అల్లుడూ, బంతి నీ పని" అన్నాడు మామ.

ఆ రోజు మా వాళ్లు ఆరు సున్నాతో ఓడిపోయారు. ఆరు గోల్సూ మా వైపే పడ్డాయి కాబట్టి ఆరుసార్లూ నేనే కంపచెట్ల మధ్య పరుగెత్తి బంతి తెచ్చాను. మ్యాచ్ అయిపోయాక అందరూ వేపచెట్టు కింద కూర్చున్నారు. ఎవరింటి నుంచో పెద్ద గిన్నెలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. కెప్టెన్ ఒక ప్లేటు తీసి, "బంతి తెచ్చినోనికి ముందు పెట్టండప్పా" అని నాకిచ్చాడు. ఓడిపోయిన పెద్దవాళ్లందరి కంటే ముందు నాకు పెట్టారు. నేను ఆ జట్టు మనిషినైంది అప్పుడే. ఆ ఆరు గోల్స్‌లో ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు, ఆ ప్లేటు మాత్రం గుర్తుంది.

తర్వాత చాలా మందిని అడిగాను, నీకు ఈ జట్టు ఎలా పట్టుకుందని. ఎవరూ ఆట గురించి మొదలుపెట్టరు. మా నాయన తీసుకుపోయాడనో, మా అన్న ఆడేవాడనో, మా ఇల్లు గ్రౌండ్ పక్కనే అనో చెప్తారు. ముందు ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి వెనక జట్టు వస్తుంది. అందుకే "మంచి జట్టు ఏది" అని వెతికి అభిమాని అయినవాళ్లకూ, ఇలా అయినవాళ్లకూ చాలా తేడా కనిపిస్తుంది.

ఈ తేడా నాలోనే చూశాను. కాలేజీ రోజుల్లో నేను బార్సిలోనా పిచ్చిలో ఉన్నాను. అనంతపురంలో ఇది వింతేమీ కాదు. ఇక్కడ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలోనే, 1920లో. ఆయన పుణ్యాన స్పెయిన్ వాళ్లు ఈ ఊరికి రావడం, పోవడం మామూలైంది. పల్లెల్లో ఆడపిల్లలు, మగపిల్లలు ఫుట్‌బాల్ ఆడటానికి ఆర్‌డీటీ స్పోర్ట్స్ అకాడమీ పెద్ద కారణం. 2011లో వెంబ్లీలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో బార్సిలోనా మాంచెస్టర్ యునైటెడ్ మీద మూడు ఒకటితో గెలిచిన రాత్రి హాస్టల్‌లో ఎవరం నిద్రపోలేదు. అయితే 2020 ఆగస్టులో జర్మనీ జట్టు బయర్న్ చేతిలో ఎనిమిది రెండుతో ఓడిపోయినప్పుడు ఏమైంది? టీవీ ఆపి పడుకున్నాను. పొద్దునకు బాధ లేదు. మెస్సీ 2021లో పారిస్‌కు పోయాడు, 2023లో మయామీకి పోయాడు, నా స్నేహితులు సగం మంది ఆయన వెంటే జట్లు మారారు. అది తప్పని నేను అనను. వాళ్ల ప్రేమ ఆ ఆటగాడి మీద. నా విషయంలో మాత్రం, ఆ క్లబ్‌కు నేను ఉన్నా లేకున్నా ఒకటే అని ఆ పొద్దున అర్థమైంది.

ఊరి జట్టుతో అలా కాదు. 2018 సంగతి చెప్తాను.

ఆ ఏడాది వానలు లేవు. శనక్కాయ పంట ఎండిపోయింది. మా జిల్లాలో కరువొస్తే జనం బెంగళూరు బస్సెక్కుతారు. మా జట్టులో ఆడేవాళ్లు ఒక్కొక్కరే బిల్డింగ్ పనులకు, సెక్యూరిటీ పనులకు వెళ్లిపోయారు. నేను కూడా అప్పటికి బెంగళూరులోనే ఉద్యోగం చేస్తున్నాను. శనివారం సాయంత్రం మామ ఫోన్ చేశాడు. "అల్లుడూ, రేపు మ్యాచ్. ఆరుమందే ఉన్నాం. ఇంకొకడు కావాల."

ఫుట్‌బాల్ రూల్ ప్రకారం ఒక జట్టులో ఏడుగురి కన్నా తక్కువ ఉంటే మ్యాచ్ మొదలుపెట్టకూడదు. పదకొండు మంది ఉండాలని అందరికీ తెలుసు కానీ, ఈ ఏడు అన్న అంకె చిన్న ఊళ్ల జట్లకే బాగా తెలుస్తుంది. నేను మంచి ఆటగాణ్ని కాదు, మామకూ ఆ సంగతి తెలుసు. ఆయనకు కావలసింది ఏడో మనిషి. రాత్రి మెజెస్టిక్‌లో బస్సెక్కాను. తెల్లవారుజామున అనంతపురంలో దిగి, ఆటో పట్టుకొని గ్రౌండ్‌కు పోయాను. నలభై ఐదు దాటిన మామ మోకాలికి క్రేప్ బ్యాండేజ్ చుట్టుకొని గోల్‌లో నిలబడి ఉన్నాడు. మాకు ఏడుగురు, అవతల పదకొండు మంది. నాలుగు సున్నాతో ఓడిపోయాం. కానీ మ్యాచ్ జరిగింది. మేము రాలేదని పేరు కొట్టేయలేదు. ఆ లీగ్‌లో మా ఊరి పేరు ఆ ఏడాది కూడా చివరిదాకా ఉంది.

సండర్‌ల్యాండ్ వాళ్ల గురించి మీరు అడిగినదానికి నేనిచ్చే జవాబు ఇదే. జట్టు కింద పడినప్పుడే మనిషి అవసరం ఎక్కువ. గెలిచే జట్టుకు జనం ఎలాగూ ఉంటారు. ఓడే జట్టుకు నువ్వు రాకపోతే ఆ సీటు ఖాళీ, ఆ ఖాళీ నీకు కనిపిస్తుంది. తాత కూర్చున్న చోట, నాయన కూర్చున్న చోట కూర్చున్నవాడు జట్టు ఓడిందని లేచి పోతే, వదిలేసేది ఆటను ఒక్కదాన్నే కాదు. మా వైపు రైతు వాన మోసం చేసిందని మరుసటి ఏడు శనక్కాయ విత్తడం మానడు కదా. బయటివాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది. అతనికి అది తన చేను.

ఆర్‌డీటీకి వచ్చిన ఒక స్పెయిన్ ఆవిడతో ఈ మాట మీద చాలాసేపు మాట్లాడాను. ఆమెది బిల్బావో. అక్కడి అథ్లెటిక్ క్లబ్ ఆ ఊరున్న బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లనో, అక్కడే ఆట నేర్చుకున్నవాళ్లనో మాత్రమే తీసుకుంటుంది. ఎంత డబ్బున్నా బయటి నుంచి పెద్ద స్టార్‌ను తెచ్చుకోదు. అయినా స్పెయిన్ మొదటి డివిజన్ నుంచి ఒక్కసారి కూడా కిందికి పడలేదు. ఇంకా ఆ లెక్క ఉన్నవి రియల్ మాడ్రిడ్, బార్సిలోనా రెండే. "కప్పులు కావాలంటే మాడ్రిడ్‌నో, బార్సిలోనానో అభిమానించొచ్చు కదా మేడమ్" అన్నాను. ఆమె నన్నే తిరిగి అడిగింది: "మీ ఊరి జట్టు ఓడితే నువ్వు పక్క ఊరి జట్టుకు చప్పట్లు కొడతావా?" నాకు మాట రాలేదు. ఆ ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. 2024 ఏప్రిల్‌లో బిల్బావో వాళ్లు స్పెయిన్ జట్ల మధ్య జరిగే కోపా డెల్ రే కప్పు గెలిచారు. అంతకుముందు ఆ కప్పు గెలిచింది 1984లో. కప్పుతో ఆటగాళ్లు పడవ మీద నదిలో ఊరేగుతుంటే రెండు ఒడ్డులా జనం కిక్కిరిసిన వీడియో చూశాను. నలభై ఏళ్లు ఎదురుచూసిన ముఖాలు అవి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న నాయనలు ఏడుస్తున్నారు.

ఇంకో సంగతి. స్థానిక జట్టు అంటే ఇప్పుడు మనం ఉన్న ఊరిదే కానక్కర్లేదు. కోల్‌కతాలో మోహన్ బగాన్ 1889 నుంచి ఉంది. ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లకు ఈ రెండో జట్టే సొంతూరైంది. తిరిగి పోలేని ఊరు వాళ్లకు ఆ ఎరుపు, పసుపు చొక్కాలో దొరికింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప, అంటే మన పులస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకుంటారట. ఫుట్‌బాల్ వంటింటిదాకా వచ్చేసిందంటే అది ఇక ఆట ఒక్కటే కాదు.

మన తెలుగువాళ్లకు పెద్ద స్థాయిలో అలాంటిది దక్కినట్టే దక్కింది. హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. ఎస్.ఎ. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయనే కోచ్‌గా భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది. అందుకే 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోకి వచ్చినప్పుడు నాకు పండగే. అది నా ఊరు కాదు, అయినా గ్యాలరీలో నా భాష వినిపిస్తుంది కదా అనుకున్నాను. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ వేసి ఒకటి ఒకటి చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. టెన్షన్‌తో నేను ఫోన్ పక్కన పెట్టేసి, మామ అరుపు విని మళ్లీ తీసుకున్నాను. గోల్‌కీపర్ గెలిపించిన మ్యాచ్ కాబట్టి మామ ఆ రోజంతా కాలు నేల మీద పెట్టలేదు.

2025లో ఆ జట్టు ఢిల్లీకి మారింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఎవరినీ తప్పు పట్టడం లేదు, నా మనసులో ఏం జరిగిందో చెప్తున్నాను. నేను దాని వెంట ఢిల్లీకి పోలేకపోయాను. జట్టు అదే కావచ్చు, నాకు మాత్రం పేరులోంచి ఊరు పోగానే తీగ తెగిపోయింది. నేను అభిమానించింది ఆ ఊరిని అని అప్పుడు తెలిసింది.

లండన్‌లో వింబుల్డన్ ఎఫ్‌సీ అభిమానులకు ఇంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. జట్టును దాదాపు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత జట్టు పెట్టుకున్నారు. ఊళ్లోని పార్కులో సెలెక్షన్లు పెట్టి ఆటగాళ్లను తీసుకున్నారు. అట్టడుగు లీగుల నుంచి ఎక్కుతూ తొమ్మిదేళ్లకు, 2011లో, ప్రొఫెషనల్ లీగ్‌కు చేరారు. 2020లో పాత మైదానానికి కొద్ది దూరంలోనే, అదే ప్లౌ లేన్ వీధిలో కొత్త స్టేడియంలో అడుగుపెట్టారు. ఆ క్లబ్ ఇప్పటికీ అభిమానుల చేతిలోనే ఉంది. "వీళ్లకేం వస్తుంది" అని అడిగేవాళ్లకు నేను చెప్పే కథ ఇదే. జట్టు వాళ్లను వదిలిపోయింది, వాళ్లు మాత్రం ఊరిని వదల్లేదు.

ఇక మీరు చివర్లో అడిగింది, కర్నూలులో ఉండి నేను ఎవరిని అభిమానించాలి అని. టీవీలో వెతక్కండి. ఆదివారం పొద్దున ఆరింటికి అవుట్‌డోర్ స్టేడియం వైపు నడిచి చూడండి, లేదా మీ దగ్గర్లో పిల్లలు బంతి తన్నే బయలుకు పోండి. మొదటి రోజు గోల్ వెనక నిలబడండి. బంతి మీ వైపు వస్తుంది. అక్కడున్న కుర్రాళ్లు "అన్నా, బాల్" అని అరుస్తారు. ఇచ్చేసి, వాళ్ల తర్వాతి మ్యాచ్ ఎప్పుడో అడగండి. రెండో వారం నీళ్ల క్యాన్ తీసుకుపోండి. కర్నూలు ఎండలో అది అందరికీ పనికొస్తుంది. నాలుగో వారానికి వాళ్లలో ఎవరికి మోకాలు నొప్పి, ఎవరికి పరీక్షలు, ఎవరు ఎడమ కాలితో బాగా కొడతారో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత వాళ్లు ఓడిన రాత్రి మీకు నిద్ర పట్టకపోతే, ఈ ప్రశ్న మళ్లీ నన్ను అడగరు.

మా మామ ఇప్పుడు గోల్‌లో నిలబడటం లేదు. పిల్లలకు గోల్‌కీపింగ్ నేర్పిస్తున్నాడు. వంక వైపు పాత చేపల వల కట్టి నెట్ చేశాడు. వచ్చే నెల పండగ సెలవుల్లో మాకు పక్క ఊరితో మ్యాచ్ ఉంది. అనంతపురం వచ్చే పని ఉంటే మెసేజ్ పెట్టండి, బస్టాండ్ దగ్గర ఎక్కించుకుంటాను. ఉగ్గాని మా ఇంటి నుంచే వస్తుంది.