బోర్డు మీద తేదీ రాసే ముందు

పర్లాకిమిడి,
మార్చి 18

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలిని మామయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం.

నిన్న ఫోన్లో నీ గొంతులో టెన్షన్ వినిపించిందమ్మా. కొత్త స్కూలు, కొత్త ఊరు, ఆపైన పొద్దున్న ప్రార్థన దగ్గర ‘ఈ రోజు విశేషం’ చెప్పే పని నీకు అప్పజెప్పారన్నావు. రోజూ సెల్‌ఫోన్ చూసి పదిహేను లైన్లు బోర్డు మీద ఎక్కిస్తున్నావట, పిల్లలు మాత్రం దిక్కులు చూస్తున్నారట. ఆ పని నేను ఇరవై ఆరేళ్లు చేశాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పదిహేను లైన్లు మానెయ్. ఎవరో రాజు పట్టాభిషేకం, ఎక్కడో భూకంపం, ఒక సినిమా నటుడి పుట్టినరోజు, ఇవన్నీ ఒకదాని కింద ఒకటి రాస్తే పచారీ కొట్టు చీటీలా ఉంటుంది. రోజుకి ఒక్కటి చెప్పు. మిగతావి పక్కన చిన్న అక్షరాలతో రాస్తే ఓపికున్న పిల్లలు చదువుకుంటారు. ఆ ఒక్కటీ ఏదని వెతుక్కునేటప్పుడు మీ గుణుపురం నుంచి మొదలుపెట్టు.

వచ్చే ఏప్రిల్ 1నే తీసుకో. ఒడిశా అవతరణ దినం ఉత్కళ దివస్‌కి సెలవు కాబట్టి ముందురోజే చెప్పాలి. 1935లో రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టింది ఆ తేదీనే. 1973లో పులుల కోసం ప్రాజెక్ట్ టైగర్ మొదలైందీ, 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చిందీ ఆ తేదీనే. అన్నీ పెద్ద సంగతులే, కాదనను. అయినా నువ్వు రైలుతో మొదలుపెట్టు. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు నౌపడా నుంచి మా ఊరికి 1900 ఏప్రిల్ 1న నడవడం మొదలైంది. 1931 నాటికి మీ గుణుపురం చేరింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. 2004లో దాన్ని ఆపేసి పెద్ద లైను వేశారు. ఆ చిన్న రైలెక్కిన తాతలూ అమ్మమ్మలూ మీ పిల్లల ఇళ్లలో ఇంకా ఉంటారు. స్కేలు ఇచ్చి నేల మీద రెండున్నర అడుగులు కొలిపించు. మా స్కూల్లో ఒకసారి అలా సుద్దముక్కతో రెండు గీతలు గీయించాను. ఐదో తరగతి పిల్లాడొకడు ఆ గీతలకి అడ్డంగా పడుకుని చూశాడు. తల ఒక పట్టా అవతల, మోకాళ్లు రెండో పట్టా అవతల. ‘ఇంత చిన్న రైల్లో మా తాత ఎలా పట్టాడు మాస్టారూ!’ అన్నాడు. ఆ ఏడు ఏప్రిల్ 1 ఎవరూ మర్చిపోలేదు.

రైలు తరవాత 1936 చెప్పు. ఇక్కడ జాగ్రత్త కావాలి. ఆ ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయింది. సింధు కూడా బొంబాయి నుంచి ఆ రోజే విడిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం, కోరాపుట్ ప్రాంతాలు ఇటు వచ్చాయి. పర్లాకిమిడి ఎస్టేటులో కొంత, మా పట్నంతో సహా ఇటు చేరింది, మిగతాది మద్రాసులోనే ఉండిపోయింది. ఒరిస్సా కోసం పాటుపడిన కృష్ణచంద్ర గజపతి మహారాజావారు సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, ఆ ప్రావిన్సుకి మొదటి ప్రధానమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు. ఇదే ఊళ్లో యాభై ఏళ్లకి పైగా బతికిన గిడుగు రామమూర్తి పంతులుగారు, ఊరు ఒరిస్సాలో కలిసిందని 1936లో ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. నీ ఎదురుగా ఒడియా పిల్లలూ తెలుగు పిల్లలూ ఒకే వరసలో నిలబడి ఉంటారు. వాళ్లలో కొందరి ఇళ్లలో అది పండగ, కొందరి ఇళ్లలో బెంగ. రెండూ చెప్పు, ఏదీ దాచకు, ఎవరినీ తప్పు పట్టకు. మా నాయనమ్మ పుట్టిల్లు పాతపట్నం, నడిచి వెళ్లే దూరం. ప్రావిన్సు మారిన తరవాత కూడా ఇంట్లో ఉప్పు నిండుకుంటే పుట్టింటికే కబురు పెట్టేది. నేను ఆవిడ సంగతి చెప్పినప్పుడు ఒడియా పిల్లలు కూడా నవ్వుతూ విన్నారు.

అక్టోబరు 12 దాకా ఉంటే, ఆ రోజు మాత్రం వదలకు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఏడాది తిరిగి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018లో తిత్లీ ఒక రోజు ముందు, 11న వచ్చి మన గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. ‘ఆ తేదీకి ఏదో శాపం ఉందా టీచర్?’ అని తప్పకుండా అడుగుతారు. నవ్వి ఊరుకోకు. రెండు తుపాన్లకీ తేదీ కలవడం కాకతాళీయం. నెల కలవడానికి మాత్రం కారణం ఉంది. నైరుతి ఋతుపవనాలు వెనక్కి మళ్లే రోజులవి. బంగాళాఖాతం నీళ్లు ఇంకా వేడిగానే ఉంటాయి, ఆ వేడీ ఆవిరే వాయుగుండానికి బలం. అందుకే అక్టోబరు, నవంబరు మన తీరానికి గండం. ఈ ఒక్క సంగతి పిల్లలకి పట్టుబడితే చాలు, ఆ నెలలో రేడియో హెచ్చరిక చెప్పినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లని వాళ్లే తొందరపెడతారు.

ఆగస్టు 29 గిడుగువారి పుట్టినరోజు, 1863. తెలుగు భాషా దినోత్సవం. ధ్యాన్‌చంద్ పుట్టిందీ ఆ తేదీనే, 1905లో. అందుకని క్రీడా దినోత్సవం కూడా. 1831లో ఫారడే తీగచుట్టలో కరెంటు పుట్టించే సూత్రం కనిపెట్టిందీ ఆ రోజే. ఆటల మాస్టారికి మైదానం వదిలిపెట్టి, నువ్వు గిడుగువారు సవర భాష కోసం పడ్డ కష్టం చెప్పు. కొండ మీది సవర పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు గానీ, ఒక్కరున్నా సరే, ఆ రోజు ఒక సవర మాట ఆ పిల్ల చేత బోర్డు మీద రాయించు. 1936లో మంగయి గమాంగో సవర భాష కోసం తయారుచేసిన సొరంగ్ సంపెంగ్ లిపి తెలిసినవాళ్లు దొరికితే ఆ అక్షరాలతోనే రాయించు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, జేబు క్యాలెండర్‌లో చూసి ఒక స్వాతంత్ర్య యోధుడి జయంతి అని రంగు సుద్దతో పువ్వులు వేసి మరీ రాశాను. ప్రార్థన అయిపోయాక ఆరో తరగతి పిల్ల ఒకతె బోర్డు దగ్గరే నిలబడిపోయింది. ‘మాస్టారూ, ఈయన మా తాతగారు. ఇది ఆయన పోయిన రోజు. పొద్దున్న ఇంట్లో తద్దినం పెట్టారు’ అంది. ఏడవలేదు, అంతే అంది. ఆ పువ్వులు చేత్తోనే చెరిపేశాను. అప్పటినుంచి రెండు చోట్ల చూడకుండా ఒక్క తేదీ రాయలేదు. జయంతో వర్ధంతో, సంవత్సరం ఏదో, ఎక్కడ చదివానో పక్కనే రాసుకునేవాణ్ణి. నువ్వూ అలాగే చెయ్.

పాత తేదీల్లో ఇంకో చిక్కుంది. రష్యాలో అక్టోబరు విప్లవం మన లెక్కకి 1917 నవంబరు 7న జరిగింది. వాళ్ల పాత క్యాలెండరు అప్పటికి పదమూడు రోజులు వెనక ఉండేది, అందుకే ఆ పేరు. న్యూటన్ పుట్టినరోజు కూడా పాత లెక్కకి 1642 డిసెంబరు 25, కొత్త లెక్కకి 1643 జనవరి 4. ఒక పుస్తకంలో ఒకటి, ఇంకో దాంట్లో ఇంకొకటి కనిపిస్తే కంగారుపడకు. నవంబరు 7న మేరీ క్యూరీ, సి.వి. రామన్, మన రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారు ముగ్గురూ పుట్టారు. ఆ ముగ్గురిలో ఎవర్ని చెప్పాలో నీ ఇష్టం.

పిల్లల పుట్టినరోజులు కూడా రాయి. ఆగస్టు 10న పుట్టిన పిల్ల ఉంటే, బరంపురంలో అదే రోజు 1894లో పుట్టిన రాష్ట్రపతి వి.వి. గిరిగారి పేరు పక్కన ఆ పిల్ల పేరు కూడా అంతే పెద్ద అక్షరాలతో రాయి. కొందరికి అసలు తేదీ తెలియదు, రిజిస్టరులో ఉన్నది చేర్పించిన మాస్టారు వేసినదే. నా సంగతీ అంతే. రికార్డులో జూలై 1. మా అమ్మ మాత్రం ‘ఏరువాక పున్నమి వెళ్లిన మూడోనాడు పుట్టావురా’ అనేది. అలాంటి పిల్లల్ని నలుగురిలో నిలబెట్టి తేదీ అడగకు. ఇంటికెళ్లి అమ్మని అడిగి రమ్మను, ఏ పండగ దగ్గరో ఏ కోతలప్పుడో చెబుతుంది. అదే రాయి.

నా నోటు పుస్తకం రేపు పొద్దుటి రైలుకి మీ ఊరు వచ్చే మాస్టారి చేతికిచ్చి పంపిస్తున్నాను. రోజుకొక పేజీ చొప్పున 366 పేజీలు, ఫిబ్రవరి 29తో సహా. ఆ రోజు మొరార్జీ దేశాయ్‌గారి పుట్టినరోజు. డిసెంబరు పేజీలు కొన్ని చెదలు తినేశాయి, అవి నువ్వే నింపుకోవాలి. మీ అత్తయ్య అరిసెలు కూడా పెట్టింది. నెయ్యి కాగితాలకి అంటకుండా వాటిని వేరే సంచిలో కట్టాను.

ఇట్లు,
మామయ్య