పన్ను పోయిన చోటును అలా వదిలేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్ళు. పదేళ్ళుగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. ఎనిమిది నెలల క్రితం కింది ఎడమ దవడలో పుచ్చిపోయిన దవడ పన్ను ఒకటి తీయించాము. ఒక డాక్టరు బ్రిడ్జి కట్టించుకోమంటున్నారు, మరొకరు ఇంప్లాంట్ మంచిదంటున్నారు. అమ్మ మాత్రం "ఈ వయసులో నాకెందుకు, కుడివైపు నములుకుంటాను" అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు మీ అమ్మగారి మాటకే జవాబు చెబుతాను. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇదే మాట అంటూ ఏళ్ళు గడిపేస్తారు. పన్ను పోయాక పక్క పళ్ళు ఉన్నచోటే ఉండిపోవు. వెనక పన్ను మెల్లగా ముందుకు ఒరుగుతుంది, పైదవడలో దానికి ఎదురుగా ఉన్న పన్ను ఆనుకోవడానికి ఏమీ లేక కిందికి దిగుతుంది, ఆ సందుల్లో మెతుకులూ ఆకుకూర పీచూ ఇరుక్కుని బాగున్న పళ్ళు కూడా పుచ్చడం మొదలవుతుంది. వేరును పట్టుకుని ఉన్న ఎముక సైతం తరిగిపోతుంది, ఆ తరుగు మొదటి ఏడాదిలోనే ఎక్కువ. కనుక ఇక ఆలస్యం చేయకండి.

బ్రిడ్జి కట్టాలంటే, ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళను చుట్టూ అరగదీసి, వాటి మీద క్యాపులు తొడిగి, నడుమ కృత్రిమ పన్నుతో కలిపి ఒకే ముక్కగా అతికిస్తారు. కొద్ది వారాల్లో పని పూర్తవుతుంది, ఎముకకు ఆపరేషన్ అవసరం ఉండదు. అయితే అరగదీసిన ఎనామిల్, అంటే పన్ను మీది గట్టి పైపొర, మళ్ళీ పెరగదు. అందుకే నేను ముందుగా చూసేది పక్క పళ్ళనే. వాటికి ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో, రూట్ కెనాల్ చికిత్సో జరిగి, వేళ్ళు మాత్రం గట్టిగా ఉంటే బ్రిడ్జి సరైనదే. చెక్కుచెదరని పళ్ళయితే ఒక పన్ను కోసం రెండింటిని అరగదీయడానికి నా మనసు ఒప్పదు.

అలాంటప్పుడు ఇంప్లాంట్ మేలు. దవడ ఎముకలో టైటానియం లోహపు స్క్రూను బిగించి, అది ఎముకతో అతుక్కున్నాక, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకు, దాని మీద పన్ను అమరుస్తారు. స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు బ్రోనెమార్క్ 1965లోనే ఒక రోగికి ఈ పద్ధతిలో పళ్ళు అమర్చారు కాబట్టి ఇది నిన్నమొన్నటి ప్రయోగం కాదు. ఖర్చు ఎక్కువే. వయసు అడ్డు కాదు, మధుమేహం కూడా అదుపులో ఉంటే అడ్డు కాదు. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ 8 శాతం దాటి ఉంటే మాత్రం ముందు దాన్ని తగ్గించుకోవాలి, లేకపోతే గాయం మానడం కష్టమవుతుంది. ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు గానీ, రక్తం పలుచబడే మాత్రలు గానీ వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు.

తీసి పెట్టుకునే పన్ను చవకే గానీ, వెనకవైపు ఒక్క పన్నుకు దాన్ని నేను సూచించను. అంత చిన్న ముక్క తింటుండగా ఊడి గొంతులోకి జారే ప్రమాదం ఉంది.

ఏది పెట్టించుకున్నా శుభ్రం చేసుకునే తీరు అక్కడే అద్దం ముందు చూపించమని అడగండి. బ్రిడ్జి అయితే కృత్రిమ పన్ను కిందుగా సన్నని బ్రష్‌ను ఒకవైపు నుంచి దూర్చి రెండోవైపుకు తీయాలి; పైపైన తోముకుంటే చాలనుకున్నవారికి ఆ బ్రష్‌కు అంటుకొచ్చే పాచిని చూస్తేనే నమ్మకం కలుగుతుంది. మీ అమ్మగారి చేత ఒకసారి స్వయంగా చేయించి చూశాకే అక్కడి నుంచి కదలండి.